కందూరి ఎవరిది

సలావుద్దీన్ షాపులో అద్దెకిచ్చే వంట బోకులు, గిన్నెలూ పెద్ద డేగిసాలూ, రెండు వరసలుగా ఉంటాయి. అంచు కింద ఎర్ర గీత ఉన్నవి ఒక వరస, ఆకుపచ్చ గీత ఉన్నవి ఇంకో వరస. ఎర్ర గీత బోకుల్లో మాంసం వండుకోవచ్చు, ఆకుపచ్చ గీతవాటిలో వండకూడదు. ఇంతకు మించి ఇందులో రహస్యమేమీ లేదు. వంటమేస్త్రీలకు, సామాన్లు మోసే పెంచలయ్యకు, అద్దెకు తీసుకుపోయే జనానికి అందరికీ ఇది తెలుసు. సలావుద్దీన్ కూతురు ఉమ్మే హబీబా దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే దాకా ఎవరికీ ఏ తికమకా లేదు.

తిరుపతి అలాంటి ఊరు. ఒకింట్లో వెల్లుల్లి కూడా ముట్టరు. పక్కింట్లో ఆదివారం వచ్చిందంటే మసాలా వాసన వీధి చివరిదాకా పోతుంది. ఇద్దరిళ్లలోనూ పెళ్లిళ్లు జరుగుతాయి, ఇద్దరికీ డేగిసాలు కావాలి. వెల్లుల్లి ముట్టని ఇంటివాళ్లు ఒక సాయిబు షాపు నుంచి సాంబారు డేగిసా తీసుకుపోతున్నారంటే అదంతా ఆ ఆకుపచ్చ గీత మీద నమ్మకమే. ఆ నమ్మకానికి సలావుద్దీన్ పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. ఆకుపచ్చ గీత బోకులో పొరపాటున ఒక్కసారి మాంసం పడినా, ఎంత తోమినా సరే, దానికి ఎర్ర గీత పడాల్సిందే. ఎర్ర వరసలోకి పోయింది మళ్లీ ఆకుపచ్చ వరసకు రాదు.

హబీబా ఆ షాపులోనే పెరిగింది. చిన్నప్పుడు ఏడిస్తే పెద్ద గంగాళంలో కూర్చోబెట్టి చేతికి గరిటె ఇచ్చేవాళ్లు. దాన్ని వాయించుకుంటూ ఏడుపు మరిచిపోయేది. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. లాడ్జిలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే ఒక చిన్న ఆఫీసులో కొన్నాళ్లు పనిచేసింది. ఆ ఆఫీసు మూతపడ్డాక వేరే ఉద్యోగం వెతుక్కోలేదు. షాపుకొచ్చి కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుంది. ఆడపిల్లకు బోకుల షాపేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. పెళ్లెప్పుడమ్మా అని అడిగినవాళ్లకు, ‘ఎప్పుడైతేనేం, బోకులు మావే గదా’ అని జవాబిచ్చేది. నవ్వుతూ చెప్పినా మనసులో ఉన్నది మాత్రం అదే. ఆమెకు ఆ షాపు కావాలి.

సలావుద్దీన్‌కు మోకాళ్లు అరిగిపోయాయి. గోడౌన్ మేడ మీద ఉంది. రోజూ ఆ మెట్లెక్కి దిగడం ఆయన వల్ల కావడం లేదు. సూళ్లూరుపేటలో ఉండే అక్క కొడుకు ముజఫర్ షాపు తనకిమ్మని అడుగుతున్నాడు. పిల్లవాడు మంచివాడే, నాలుగు మాటలు చెప్పి పని జరిపించుకోగలడు. మేనల్లుడికివ్వాలా, కూతురికివ్వాలా? ఆయన ఎటూ తేల్చుకోలేకపోయాడు.

చివరికి ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక కూతురిని పిలిచి చెప్పాడు.

“మూఢం అయిపోతాది. ముహూర్తాలు మొదలైన మొదటి వారం బుకింగులన్నీ నువ్వు కంప్యూటర్లో చేస్తానన్న పేజీలోనే. నాకు ఫోన్ చేసినోళ్లకు కూడా అందులోనే చేసుకోమని చెప్తా. నేను నోరు తెరవను బేటీ, పెంచలయ్య నన్నడిగినా చెప్పను. ఒక్క తప్పు కూడా రాకుంటే షాపు నీది. వస్తే ముజ్జూను రమ్మంటా.”

“తప్పు రాదబ్బా” అంది హబీబా. కుర్రతనం కదా, అలాగే అంటుంది.

*

బుకింగు పేజీ కోసం ఆమె నేర్చుకున్న పాఠంలో మూడు పెట్టెలుండేవి. నొక్కితే కిందికి జారి, ఒకటి ఎంచుకోమనే పెట్టెలు. డ్రాప్‌డౌన్లంటారు వాటిని. మొదటిది దేశం, రెండోది రాష్ట్రం, మూడోది ఊరు. దేశం ఎంచుకుంటే ఆ దేశపు రాష్ట్రాలే కనపడాలి, రాష్ట్రం ఎంచుకుంటే ఆ రాష్ట్రపు ఊళ్లే కనపడాలి. ఒకదాన్ని నొక్కితే తరవాతిది తనంతట తాను వడపోసుకోవాలన్నమాట. హబీబాకు ఈ పని మహా ముచ్చటగా తోచింది. షాపులో ఉన్న సామానంతా ఒకేసారి చూపిస్తే జనం బెదిరిపోతారు. సీమంతానికొచ్చినవాళ్లకు బిర్యానీ డేగిసాలెందుకు? కాబట్టి వడపోత ఉండాల్సిందే అనుకుంది.

మూడో పెట్టె బోకులు. రెండో పెట్టె కార్యం. మరి మొదటి పెట్టెలో ఏం పెట్టాలి? పాఠంలో మూడున్నాయి కాబట్టి ఇక్కడా మూడుండాలని ఆమె ఉద్దేశం. చాలాసేపు ఆలోచించి, కార్యాలు మనుషుల్ని బట్టి మారుతాయి కదా అని ‘మీరెవరు’ అని రాసింది. కింద హిందూ, ముస్లిం, క్రిస్టియన్ అని పెట్టింది. చూడ్డానికి బాగానే ఉంది.

అప్పుడు తండ్రినడిగింది. “అబ్బా, కార్యాల్లో మనవేవి, వాళ్లవేవి? చెప్పు, రాసుకుంటా.”

సలావుద్దీన్ ఆ సమయంలో చిరిగిన షామియానాకు అతుకు వేస్తున్నాడు. తలెత్తకుండానే చెప్పుకుపోయాడు. “నిఖా, వలీమా, అఖీఖా, కందూరి, ఇఫ్తార్, ఇవి మనవి. గృహప్రవేశం, సీమంతం, ఒడుగు, మొక్కుబడి, కర్మ, ఇవి వాళ్లవి. పెండ్లి అందరిదీ.”

హబీబా ఒక్కోదాన్నీ తీసుకుపోయి దాని గడిలో దాన్ని కూర్చోబెట్టింది. పెండ్లిని మాత్రం మూడుసార్లు రాయాల్సి వచ్చింది, ఎందుకంటే ఆమె కట్టిన పద్ధతిలో ఒక కార్యానికి ఒక్క యజమానే ఉండాలి. ఊరు ఒక్క రాష్ట్రంలోనే ఉంటుంది కదా. ఆ తరవాత కార్యాలకు బోకులు కలిపింది. మొక్కుబడి అంటే కొండకు మొక్కుకున్నవాళ్లు మాంసం లేకుండా చేసే దాసుల భోజనాలే ఆమె చూసింది కాబట్టి, మొక్కుబడికి ఆకుపచ్చ గీత. కందూరికి ఎర్ర గీత. కందూరంటే ఆ చుట్టుపక్కల చెప్పనవసరం లేదు. కోరిక తీరినవాళ్లు దర్గా దగ్గర పొట్టేలు కోయించి, ఫాతిహా చదివించి, వచ్చినవాళ్లందరికీ అన్నం పెడతారు.

ఇంతవరకూ సాఫీగా జరిగింది. అసలు అవస్థ ఆ తరవాత మొదలైంది.

మొదట రెండో పెట్టె ఖాళీగా వచ్చింది. ఏం నొక్కినా ఖాళీయే. అది సరిచేస్తే అన్ని కార్యాలూ కలగాపులగంగా వచ్చి పడ్డాయి. దాన్నీ సరిచేసింది. ఇప్పుడు హిందూ నొక్కితే గృహప్రవేశం, ముస్లిం నొక్కితే వలీమా చక్కగా వస్తున్నాయి. హమ్మయ్య అనుకుని అంతా నింపి, కింద బటన్ నొక్కింది. పేజీ ఎర్రగా ఒక వాక్యం చూపించింది. మీరు ఎంచుకున్నది ఇక్కడున్న వాటిలో లేదు, సరైనది ఎంచుకోండి.

హబీబా తెల్లబోయింది. ఇక్కడ లేనిదాన్ని ఎవరెంచుకున్నారు? అది చూపించిన వాటిలోంచి కదా తను ఒకటి నొక్కింది? మళ్లీ చేసింది, మళ్లీ అదే మాట. వలీమా తీసి అఖీఖా పెట్టింది. అదీ కాదంది. తన కళ్లేమైనా మోసం చేస్తున్నాయా అని వాళ్లమ్మ రంజాన్‌బీని పిలిచి చూపించింది.

“ఇదేందమ్మీ, చూపించేదీ ఇదే, లేదనేదీ ఇదే” అంది.

“మీ నాయనమ్మ గూడా ఇట్లనే. ఏం కావాలో తీసుకోమనేది, తీసుకుంటే ఎందుకు తీసుకున్నావనేది” అంది రంజాన్‌బీ, వంటింట్లోకి పోతూ.

అత్తగారి మీద కోపం తీరింది గానీ దాంతో పేజీ బాగుపడలేదు. తిండి సహించక, ఎవరు పిలిచినా పలకక, హబీబా రోజుల తరబడి ఆ ఎర్ర వాక్యం ముందే కూర్చుంది. రాసిందంతా కొట్టేసి మళ్లీ రాసింది. ఎవరెవరో పెట్టిన వీడియోలు చూసింది. ఒకడు ఒకటి చెబితే ఇంకొకడు దానికి అడ్డంగా చెప్పాడు. తల తిరిగిపోయి, తను చదివిన చదువంతా ఉత్తదేనేమో అనిపించింది. బయటికి చెప్పలేదు గానీ ఒక సాయంత్రం షామియానాల మూటల వెనక కూర్చుని ఏడ్చింది కూడా.

అప్పుడే కౌంటర్ దగ్గర చిన్న గొడవ జరిగింది. సలావుద్దీన్ ఎవరికో ఫోన్‌లో రాగి గంగాళం ఇస్తానని మాటిచ్చాడు. వాళ్ల మనిషి గోడౌన్‌కి పోతే పెంచలయ్య ఇవ్వనన్నాడు. “నా చీటీలో గంగాళం లేదప్పా. కింద ఆయన చెప్పింది నాకెట్ల తెలుస్తాది? చీటీలో ఉంటేనే ఇస్తా” అని మేడ మీదనుంచి కేకేస్తున్నాడు.

హబీబా ఏడుపు ఆపి లేచింది. తన పేజీలో కూడా ఇద్దరున్నారు. జనం చూసే తెర కింది కౌంటరు లాంటిది, అక్కడ వడపోత జరుగుతోంది. బటన్ నొక్కాక ఆ ఫారం మేడ మీది గోడౌన్‌కి పోతుంది. అక్కడ దాన్ని కొత్తగా కడతారు. మొదటి పెట్టెలో ఏం నొక్కారో అక్కడివాడికి ఎవరూ చెప్పలేదు. కాబట్టి వాడి దగ్గర జాబితా ఖాళీ. ఖాళీ జాబితాలో వలీమా ఎక్కడుంటుంది? నొక్కినదాన్ని అక్కడ కూడా ముందుగా చూసి, అక్కడా అలాగే వడపోయమంటే సరి. ఆ నాలుగు ముక్కలు రాసి బటన్ నొక్కింది. ‘మీ బుకింగు అందింది’ అని వచ్చింది.

ఆ ఆనందంలో పెంచలయ్యకు మిఠాయి కొనిపెట్టింది. ఎందుకు పెట్టిందో అతనికి ఇప్పటికీ తెలియదు.

*

ముహూర్తాల వారం మొదలైంది. సలావుద్దీన్ అన్నమాట ప్రకారం నోరు కుట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ మోగితే ‘పేజీలో చేసుకోండప్పా’ అని ఒక్క మాట చెప్పి పెట్టేసేవాడు. బుకింగులు వచ్చాయి. కుర్చీలు పోయాయి, తిరిగొచ్చాయి. ఏదీ తప్పలేదు. హబీబా గుండె కొంచెం కొంచెంగా కుదుటపడింది. గురువారం, శుక్రవారం గడిచిపోతే చాలు.

గురువారం ఉదయం వడమాలపేటకు ఒక బండి పోయింది. పెంచలయ్యే చీటీ చూసుకుని ఆటోకెత్తుకుని దింపి వచ్చాడు. ఆనందమ్మ, హిందూ, మొక్కుబడి, ఆకుపచ్చ గీత బోకులు, పెద్ద డేగిసాతో సహా. చీటీలో ఉన్నది ఉన్నట్టు చేశాడు. అంతకు మించి అతన్నేం అనగలం?

కాస్త పొద్దెక్కాక హబీబాకు ఫోన్ వచ్చింది. వంటమేస్త్రీ మస్తాన్ వలి. ఆ చుట్టుపక్కల కందూరి అంటే ఆయన చెయ్యే.

“పాపా, ఆనందమ్మోళ్ల కందూరికి ఆకుపచ్చ గీత బోకులు పంపినావే, ఏంది కథ?”

“కందూరేంది మామూ? వాళ్లది మొక్కుబడి గదా?”

“మొక్కుబడే. కందూరి మొక్కు. దర్గా కాడ్నే ఉండా. నేనొచ్చేసరికి వాళ్లోళ్లు పొట్టేలు కోసి, గీత సూసుకోకుండా పసుపూ ఉప్పూ ఏసి పొయ్యి మీద పెట్టేసినారు, పెద్ద డేగిసాలో. మిగతావి నేను ముట్టనియ్యలేదు. ఎర్రవి తొందరగా పంపించు.”

హబీబా ఆ చీటీ మాటలు మళ్లీ అనుకుంది. ఆనందమ్మ, హిందూ, మొక్కుబడి. ఈ మూడింట్లో ఏది తప్పు? పేజీ తెరిచి చూసింది. పేజీ చెప్పినట్టు అంతా సరిగ్గానే ఉంది. ఎర్ర గీత బోకులు ఆటోలో వేయించి, తానూ పెంచలయ్య పక్కన కూర్చుంది. కౌంటర్ దాటుతుంటే సలావుద్దీన్ తలెత్తి చూశాడు. ఏమీ అడగలేదు. నోరు తెరవనన్నాడు కదా.

దారి పొడుగునా ఆమె ఆ మూడు మాటలే తిప్పి తిప్పి చూసుకుంది. హిందువులు కందూరి చేయరా? ఎందుకు చేయరు? చిన్నప్పటినుంచి చూస్తోంది. దర్గా ముందు బొట్లు పెట్టుకున్న ఆడవాళ్లు పిల్లలకు వెంట్రుకలు తీయించి, మలీజా ప్రసాదం పంచిపెడుతుంటే, ఆమే చేయి చాపి తింది. ఊళ్లో బొట్టు పెట్టుకునేవాళ్లలోనే దర్గా పేరు పెట్టుకున్న మస్తానయ్యలున్నారు, మస్తానమ్మలున్నారు. ఇదంతా తెలిసి కూడా ఆ గడిలో అలా ఎందుకు కూర్చోబెట్టింది? అంతుబట్టలేదు. తెలియక చేసిన తప్పయితే ఒక రకం. తెలిసినది కూడా కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఎటు పోయిందో!

దర్గా దగ్గర చింతచెట్ల కింద పొయ్యిలు పెట్టారు. ఆనందమ్మ పెద్ద మనిషి, నుదుట కాసంత బొట్టు, చంకలో మనవడు. ఏళ్లు గడిచినా కోడలు కోమలికి పిల్లలు కలగలేదు. ఈ దర్గాలో మొక్కుకున్నాక వీడు పుట్టాడు. వీడికే ఈ కందూరి. హబీబా దిగగానే ఆమె నొచ్చుకుంటూ ఎదురొచ్చింది.

“మేమేమన్నా తప్పు చేసినామా పాపా? కోడలే నొక్కింది ఫోన్లో.”

“మీరేం నొక్కినారో చెప్పక్కా” అంది హబీబా, కోమలి వైపు తిరిగి.

కోమలి భయంభయంగా చెప్పింది. “మొదట మీరెవరని అడిగింది. హిందూ అని నొక్కినా. తరవాత కార్యం అడిగింది. కందూరి యాడుండాదా అని పైకీ కిందికీ జరిపి సూసినా, లేదు. మొక్కుబడి ఉండాది. ఇది గూడా మొక్కే గదా అని దాన్ని నొక్కినా.”

“ముస్లిం అని నొక్కింటే కందూరి వచ్చిండేది గదక్కా” అన్నాడు పక్కనే ఉన్న పెంచలయ్య. ఈ కొద్దిరోజుల్లో అతనికీ పేజీ అలవాటైంది.

ఆనందమ్మ అతని వైపు ఆశ్చర్యంగా చూసింది. “అదేం మాటప్పా? కానిదాన్ని అవునని నొక్కేదెట్ల? అబద్ధం చెప్పి మొక్కు తీర్చుకుంటే ఆ సామి ఒప్పుకుంటాడా?”

హబీబాకు అప్పుడు తెలిసింది. తన పేజీ ఆ తల్లిని మొక్కు చెల్లించే ముందు అబద్ధమాడమంది. ఆమె ఆడలేదు. ఆడనందుకు ఆకుపచ్చ గీత డేగిసాలో పొట్టేలు ఉడుకుతోంది. ఇక్కడున్నదాన్ని ఇక్కడ లేదని చెప్పే ఆ ఎర్ర వాక్యం మీద తను రోజుల తరబడి పోరాడి గెలిచాననుకుంది. అది పోనే లేదు. అప్పుడు కంటికి కనపడేది, ఇప్పుడు కనపడకుండా కూర్చుంది, అంతే తేడా.

“తప్పు మీది కాదు పెద్దమ్మా, నాది” అంది.

“పోనీలే పాపా, తప్పేముండాది. ఇట్లా రా, బిడ్డనెత్తుకో” అని ఆనందమ్మ మనవణ్ణి ఆమె చేతుల్లో పెట్టి వక్కాకు తెచ్చుకోవడానికి పోయింది.

*

కందూరి బాగానే జరిగింది. ఎర్ర గీత బోకుల్లో అన్నం దిగింది, ఫాతిహా అయింది, వచ్చినవాళ్లంతా తిన్నారు. సమస్య ఆ పెద్ద డేగిసాది. ఆకుపచ్చ వరసలో అంత పెద్దది అదొక్కటే. మరునాడు కొర్లగుంటలో గంగాధరం అనే ఆయన గృహప్రవేశం. వెల్లుల్లి ముట్టని ఇల్లు. సాంబారుకు ఆ డేగిసానే బుక్ చేసుకున్నారు. సాయంత్రానికల్లా అక్కడ దించాలి.

మస్తాన్ వలి డేగిసాను బోర్లించి, చింతపండూ ఇసుకా వేసి తోమించాడు. ఎండలో పెడితే తళతళలాడింది. ముక్కు పెట్టి వాసన చూశాడు.

“ఏం లేదు. కొత్తది మాదిరి ఉండాది. తీసుకుపో పాపా. మీ నాయనకు నేను చెప్పను, పెంచలయ్య చెప్పడు. ఈ ఒక్క పొద్దు గడిస్తే షాపు నీది గదా. ఆ మాట ఊరంతా తెలుసు.”

“గీత గూడా అట్లనే ఉండాది” అన్నాడు పెంచలయ్య. ఆ మాట నిజమే. ఆకుపచ్చ గీత చెక్కుచెదరలేదు.

తిరిగొచ్చే దారిలో ఆ డేగిసా ఆటో వెనక కూర్చుని గతుకు గతుకుకీ మోగింది. హబీబాకు ఎటు చూసినా అయోమయంగానే ఉంది. గీత ఉంది, మరకైనా లేదు, వాసన లేదు. ఫోన్లో పేజీ తెరిస్తే పెద్ద డేగిసా, ఆకుపచ్చ గీత, సిద్ధంగా ఉంది అని చూపిస్తోంది. అంతా ఉందంటున్నారు, తనొక్కతే లేదనాలా? లేదంటే షాపు పోతుంది. ముజఫర్ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు. ఉందంటే, రేపు ఆ ఇంట్లో పాలు పొంగించి, పూజ చేసుకుని, ఆ సాంబారు వడ్డించుకుంటారు. వాళ్లకేం తెలుస్తుంది? ఏమీ తెలియదు. తెలియదు కాబట్టే కదా వాళ్లు ఆ గీతను నమ్ముకున్నారు. ఇంతకీ తను చేయవలసినదేమిటో వడమాలపేట నుంచి తిరుపతి దాకా ఆమెకు తేలలేదు.

షాపుకొచ్చి, తండ్రి వైపు చూడకుండా, పెంచలయ్య చేత డేగిసా మేడెక్కించింది. గోడౌన్ కిటికీలో ఎర్ర రంగు డబ్బా, గట్టిపడిన బ్రష్షు ఉన్నాయి. ఇంకా తేలలేదనే అనుకుంటోంది. అనుకుంటూనే మూత తీసి, బ్రష్షు కిరసనాయిల్లో నానబెట్టి, అంచు కింద చుట్టూ గీసింది. గీత వంకరగా వచ్చింది. ఆకుపచ్చ మీద ఎర్ర రంగు పడి అక్కడక్కడా నల్లగా కనపడింది.

తరవాత గంగాధరానికి ఫోన్ చేసింది.

“సార్, మీకిస్తామన్న పెద్ద డేగిసాలో ఈ పొద్దు మాంసం పడింది. మా తప్పే. అది మీకియ్యలేము. దాని బదులు మూడు చిన్నవి పంపిస్తా, వాటిలో ఎప్పుడూ పడలేదు.”

“ఎందుకు చెప్తా ఉండావమ్మా నాకిది?” అన్నాడాయన. ఆయనకూ అర్థమైనట్టు లేదు. మళ్లీ ఆయనే, “ఆ చిన్నవాటిల్లో పడలేదని ఏం నమ్మకం?” అన్నాడు.

ఇంతసేపటికి ఎవరో ఒకరు సరైన ప్రశ్న అడిగారు, చూపించడానికి ఆమె దగ్గరున్నది ఆ గీత ఒక్కటే.

“వద్దులేమ్మా. మేము వేరే చోట చూసుకుంటాము. ఏమనుకోవద్దు” అని ఆయన ఫోన్ పెట్టేశాడు. మర్యాదస్తుడు, ఒక్క మాట తూలలేదు. తూలి ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది.

కిందికి దిగి తండ్రి ఎదుట నిలబడింది. వేళ్లకంతా ఎర్ర రంగు.

“తప్పు వచ్చిందబ్బా” అంది. జరిగిందంతా వరసగా చెప్పింది. గంగాధరం సారు ఆర్డరు పోయిందని కూడా చెప్పింది.

సలావుద్దీన్ లేచి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ మూలుగుతూ ఎక్కి గోడౌన్‌లోకి పోయాడు. డాక్టరు వద్దన్న మెట్లవి. పైన ఆ డేగిసా ముందు నిలబడి వంకర ఎర్ర గీతను చూశాడు. దిగివచ్చి కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ అన్నాడు.

“కందూరి మనదని నేనే గదా రాయించింది?”

“నేనడిగితే చెప్పినావు.”

“ఆనందమ్మ పెండ్లికి బోకులు నేనే ఇచ్చినా. వాళ్ల మామకు కర్మ చేస్తే నేనే ఇచ్చినా. వాళ్లోళ్ల కందూర్లకు ఎన్నిసార్లు ఇచ్చినానో. ఎవరిదని ఎప్పుడూ ఎవర్నీ అడగలేదు. ఏం వండుతారు, ఎంతమంది, అంతే అడిగేది. నువ్వు ఎవరిదని అడిగినావు, నేను మనదన్నా. ఎందుకన్నానో నాకే తెలీలేదు బేటీ.” ఆయన మొహంలో నిజంగానే అయోమయం ఉంది. కూతురి మీద కోపం ఎక్కడా లేదు. తన మీద తనకే ఏదో అనుమానం వచ్చినట్టున్నాడు.

హబీబా కంప్యూటర్ ముందు కూర్చుంది. కందూరికి ఇద్దరు యజమానుల్ని పెడదామా అని ఒక క్షణం అనుకుంది. పెట్టొచ్చు, దానికీ పద్ధతుంది. రేపు ఇంకెవరో సీమంతం చేసుకునే ముసల్మాను పిల్ల వస్తుంది, మళ్లీ రాయాలి. అసలు మొదటి పెట్టెతో బోకులకేం పని? ఎంత వెతికినా దానికొక పని కనపడలేదు. తీసేసింది. రెండో పెట్టెనూ తీసేసి దాని చోట వేరే ప్రశ్న రాసింది. తండ్రి కుర్చీ దగ్గరికి జరుపుకుని తెర వైపు వంగాడు.

“ఇప్పుడు మొదట ఏమడుగుతాది?”

“ఏం వండుతారు అని.”

ఆయన తలూపి, జేబులోంచి ఫోన్ తీశాడు. ఎవరికి చేస్తున్నాడో హబీబాకు తెలుసు. తప్పు వస్తే ముజ్జూను రమ్మంటానన్నాడు. వచ్చింది. ఆయన ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. ఆమె వేళ్ల మీది ఎర్ర రంగును గోటితో గీకుతూ తల వంచుకుంది.

“ముజ్జూ, షాపు సంగతి చెప్తానన్నా గదా” అన్నాడు సలావుద్దీన్ ఫోన్లో. “నువ్వు రావద్దు. షాపు హబీబాది… తప్పు రాలేదా అంటావా? వచ్చింది. గంగాధరం సారు ఆర్డరు గూడా పోగొట్టింది. ఆయన అడగనే లేదు, ఈ పిల్లే ఫోన్ చేసి, బోకులో మాంసం పడిందని చెప్పి పోగొట్టింది. అందుకే దానికిస్తా ఉండా.”

ముజఫర్ గొంతు బయటికి వినపడేంత పెద్దగా వచ్చింది. “ఆర్డరు పోగొడితే షాపిస్తావా మామూ? నాకేం అర్థం కాలేదు.”

“నీకు అర్థం కాదులే బేటా” అన్నాడు సలావుద్దీన్. “అందుకే నీకియ్యలేదు.”